కెమెరా తలుపు చుట్టూ కరిగిపోయిన స్పాంజి మార్చడం: సముద్రపు గాలి తగిలే ఊళ్ల వాళ్ల కోసం

బీరువా అడుగు నుంచి పాత ఫిల్మ్ కెమెరా, పెంటాక్స్ కే1000నో యాషికా ఎఫ్ఎక్స్-3నో, తీసి వెనక తలుపు తెరిచారు. చిటచిటమని చప్పుడొచ్చింది. తలుపు అంచుకీ బాడీకీ మధ్య నల్లటి తీగలు సాగాయి. ముట్టుకుంటే పలాస జీడిపిక్కల రసంలా వేలికి పట్టుకుని వదలడం లేదు. అయితే తలుపు సందుల్లోంచి వెలుతురు దూరకుండా ఆపే పట్టీలు, అంటే లైట్ సీల్స్, పోయాయి. కెమెరా మాత్రం పోలేదు. మిగతా యంత్రం బాగుంటే ఒక పూట పనితో, రెండు మూడు వందల రూపాయల సామానుతో మళ్లీ రోల్ వేసుకోవచ్చు.

ఇలా ఎందుకవుతుందో ముందు తెలుసుకోవాలి, ఏ సామాను కొనాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది. 1960, 70 దశకాల్లో జపాన్ కంపెనీలు తలుపు గాడుల్లో పాలియురేథేన్ స్పాంజి అంటించడం మొదలుపెట్టాయి. చవక, మెత్తన, గాడి కొంచెం వంకరగా ఉన్నా సర్దుకుంటుంది. కాని గాలిలోని తేమ ఆ పదార్థపు గొలుసులను ఏళ్ల తరబడి తెంపుతూ పోతుంది. ముందు పొడి రాలుతుంది, తర్వాత బంక అవుతుంది. వాడినా వాడకపోయినా ఒకటే. గోపాలపురం, ఛత్రపురం, బరంపురం, ఇటు ఇచ్ఛాపురం దాకా ఉన్న ఉప్పుగాలిలోనూ, రాయగడ, గుణుపురం వైపు నెలల తరబడి పడే వానల్లోనూ ఈ తెగుడు ఇంకా త్వరగా సాగుతుంది.

అందుకే ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ స్పాంజి కిట్ తెచ్చి అంటిస్తే పని అయిపోయిందనుకోవద్దు. అది కూడా పాలియురేథేనే అయితే మళ్లీ అదే గతి. మన వాతావరణానికి తలుపు గాడుల్లో ఊలు దారం, బందు (తలుపు కీలు) దగ్గర మఖమలు రిబ్బను, మిర్రర్ (లెన్స్ వెనక ఉండే అద్దం) దగ్గర మాత్రమే మెత్తటి ఫోమ్. మా సలహా ఇది. ఫోమ్ కన్నా ముందు తరం కెమెరాల్లో లోతైన గాడులు, నల్ల దారం, మఖమలే ఉండేవి. వాటిలో చాలా ఇప్పటికీ లైట్ లీక్ లేకుండా పనిచేస్తున్నాయి.

నిజంగా సీల్ తప్పేనా?

బంక కనబడితే ఎలాగూ మార్చాలి. కాని ఫొటోల్లో మచ్చలు వస్తున్నాయంటే నెగెటివ్ చూడకుండా తేల్చొద్దు. ప్రింట్ కాదు, నెగెటివ్ స్ట్రిప్పే వెలుతురుకు పట్టి చూడండి. నల్లటి పొగ లాంటి మచ్చ ఫ్రేమ్ గీత దాటి, రెండు ఫ్రేముల మధ్య ఖాళీలోకి, పక్కనున్న చిల్లుల దాకా పాకిందా? అయితే వెలుతురు వెనక తలుపు నుంచి వచ్చింది. మచ్చ 24×36 మిల్లీమీటర్ల చట్రం లోపలే తెగినట్టు ఆగిపోయిందా? అప్పుడు తప్పు ఫిల్మ్ ముందు తెరలా ఉండే షట్టర్ కర్టెన్‌లోనో, అద్దం కూర్చునే మిర్రర్ పెట్టెలోనో ఉంది. తలుపు సీల్ ఎన్నిసార్లు మార్చినా అది పోదు.

కలర్ రోల్ అయితే ఇంకో గుర్తుంది. తలుపు వైపు నుంచి వచ్చే వెలుతురు ఫిల్మ్ వెన్ను లోంచి దూరుతుంది. అక్కడ మొదట తగిలేది ఎరుపును పట్టే పొర కాబట్టి ప్రింట్‌లో ఆ చోటు నారింజ, ఎరుపు రంగుల్లో మండుతున్నట్టు కనిపిస్తుంది. చాలా 35 ఎంఎం కెమెరాల్లో బందు కుడి వైపు, అంటే తీసిన ఫిల్మ్ చుట్టుకునే స్పూల్ పక్కన ఉంటుంది. అక్కడ లీక్ అయితే దెబ్బ తినేది అప్పటికే తీసిన ఫ్రేమే. పెళ్లిలో తీసిన ఫొటో బాగానే ఉంది, ఆ తర్వాత కెమెరా ఎండలో బల్ల మీద పెట్టినందుకు అది పాడైంది అన్నమాట.

సామాను

ఒక 35 ఎంఎం ఎస్సెల్లార్‌కి (లెన్స్ వెనక అద్దం లేచి పడే కెమెరాకి) ఇవి చాలు: నల్ల ఊలు దారం ఒక మీటరు, నల్ల మఖమలు రిబ్బను 10 సెంటీమీటర్లు, మెత్తటి నల్ల ఫోమ్ ముక్క 5×5 సెంటీమీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లు, చెవి పుల్లలు 40, టూత్‌పిక్‌లు పది, వెదురు పుల్లలు నాలుగు, కొత్త బ్లేడు, స్టీలు స్కేలు, మాస్కింగ్ టేపు, పట్టకారు, గాలి ఊదే రబ్బరు బల్బు, చెప్పుల పనికి వాడే రబ్బరు జిగురు, పల్చటి డబుల్ సైడ్ టేపు, పిల్లల మైనపు మట్టి, నల్ల పర్మనెంట్ మార్కర్, అవసరమైతే లైటర్ ద్రవం.

ఊలు ఎంపికలో కాస్త పట్టుదల చూపండి. బజారులో ఊలు అని అమ్మేది చాలావరకు అక్రిలిక్. మనకు అదే మంచిది: పురుగు తినదు, తేమ పట్టి ఉంచుకోదు. గట్టిగా పురి ఉన్నది, నాలుగు పోగులది తీసుకోండి. నూగు లేచేది వద్దు, ఆ నూగు ఫిల్మ్ గేటు (ఫిల్మ్ మీదికి వెలుతురు వచ్చే కిటికీ) అంచున చేరి ప్రతి ఫొటోలో వెంట్రుకలా పడుతుంది. నూలు దారం అసలే వద్దు, తడి పీల్చుకుంటుంది. మఖమలు రిబ్బను జాకెట్టు లేసులు అమ్మే ఫ్యాన్సీ కొట్లలో ఉంటుంది. బరంపురంలో ఒడియా దుకాణమైతే "కళా మఖమల్ ఫితా" అని అడిగితే సరిపోతుంది. మెరిసే శాటిన్ రిబ్బను చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి, అది వెలుతురును ఆపదు, తిప్పి కొడుతుంది.

ఐసోప్రొపైల్ కోసం మందుల షాపు కన్నా సెల్‌ఫోన్ రిపేర్ షాపు నయం. బోర్డులు కడగడానికి వాళ్ల దగ్గర చిక్కటిది ఉంటుంది. మందుల షాపు 70 శాతం సీసాలో మిగతా 30 శాతం నీళ్లే. ఆ నీళ్లు గాడిలో నిలిచిపోతాయి. గోళ్ల రంగు తుడిచే ద్రవం, పెయింట్ థిన్నర్ కెమెరా ఉన్న గదిలోకే తీసుకురావద్దు. అసిటోన్ చుక్క పడితే ప్లాస్టిక్, నల్ల రంగు రెండూ కరిగి లేచిపోతాయి.

ముందు కర్టెన్‌ను కాపాడండి

ఈ పనిలో కెమెరాలు చచ్చేది ఇక్కడే. కే1000లో రబ్బరు పూత వేసిన బట్ట కర్టెన్ అడ్డంగా నడుస్తుంది. ఎఫ్ఎక్స్-3, నికాన్ ఎఫ్ఎం2 వంటి వాటిలో పల్చటి లోహపు రేకులు పైనుంచి కిందికి నడుస్తాయి. బట్ట మీద బంక పడితే అంటుకుపోతుంది. రేకు మీద వేలు గోరు నొక్కితే సొట్ట పడుతుంది, ఆ సొట్ట ఇక తిన్నగా కాదు.

పాత పోస్టుకార్డు నుంచి 34 మిల్లీమీటర్ల వెడల్పు, 60 మిల్లీమీటర్ల పొడవు ముక్క కోయండి. ఫిల్మ్ గేటు పైనా కిందా రెండేసి పట్టాలుంటాయి. ఈ ముక్క బయటి పట్టాల మధ్య, లోపలి పట్టాల మీద కూర్చుంటుంది, కర్టెన్‌కు తగలదు. రెండు చివర్లను బాడీకి మాస్కింగ్ టేపుతో అంటించండి. టేపు కర్టెన్‌ను తాకకూడదు. తలుపు లోపల ఫిల్మ్‌ను అదిమి ఉంచే ప్రెజర్ ప్లేటు మీద కూడా కాగితం కప్పండి. బ్యాటరీ తీసేయండి. లెన్స్ తీసి బాడీ క్యాప్ పెట్టండి.

పాత బంక తీయడం

ముప్పాతిక వంతు పని ఇదే. చాలామంది దీన్ని పావుగంటలో ముగించి మిగతా సాయంత్రమంతా కొత్త సీల్ ఎందుకు ఊడిందా అని చూస్తుంటారు.

మొదట పొడిగానే గీకండి. వెదురు పుల్ల కొనను బ్లేడుతో ఉలిలా ఏటవాలుగా చెక్కి, గాడి పొడవునా ఒకే దిశలో తోయండి. కెమెరా తెరిచిన వైపు నేల చూసేలా వంచి పట్టుకుంటే పొడి లోపలికి కాకుండా కిందికి రాలుతుంది. స్క్రూడ్రైవర్, సూది, కత్తి వంటి లోహపు సామాను వాడొద్దు. రంగు గీరుకుపోతే కింది అల్యూమినియం మెరుస్తుంది, మళ్లీ అదో లీక్ దారి.

పొడి రాలడం ఆగాక చెవి పుల్లను ఐసోప్రొపైల్‌లో ముంచి, సీసా అంచున పిండి, గాడిలో పూయండి. ద్రవాన్ని నేరుగా పోయొద్దు. రెండు మూడు నిమిషాలు నాననిస్తే బంక మెత్తబడి తారులా తయారవుతుంది. ఇప్పుడు మళ్లీ పుల్లతో తోసి, కొత్త చెవి పుల్లతో తుడవండి. వాడిన పుల్లను తిరిగి ముంచితే బంక సీసాలోకి పోయి మళ్లీ గాడికే చేరుతుంది. 30 పుల్లలు పోతాయి, పోనివ్వండి. పాత జిగురు పొర మిగిలి ఐసోప్రొపైల్‌కి లొంగకపోతే లైటర్లలో పోసే ద్రవం రెండు చుక్కలు చెవి పుల్లకు అద్ది రుద్దండి, దానికి జిగురు లేచి వస్తుంది. మంటకు దూరంగా, కిటికీ తెరిచి.

తలుపు అంచునూ మరిచిపోవద్దు. గాడిలో దూరే ఆ పెదవికి అంటుకున్న బంక చూడ్డానికి నల్ల రంగులాగే ఉంటుంది. తెల్ల చెవి పుల్ల గాడి మూలల్లో తిప్పినా తెల్లగానే వచ్చేదాకా ఆపొద్దు. రంగు ఎక్కడైనా లేచిపోతే నల్ల పర్మనెంట్ మార్కర్ అద్దండి. తర్వాత గంటసేపు ఆరనివ్వండి.

వానాకాలం ముసురు రోజు ఈ పని పెట్టుకోవద్దు. తడిగాలిలో జిగురు సరిగా పట్టదు.

మందం కొలవడం

సీల్ మందం అంచనాగా వేయొద్దు. పిల్లలు ఆడుకునే మైనపు మట్టిని చిన్న చిన్న ఉండలు చేసి గాడిలో మూడు చోట్ల పెట్టండి: రెండు చివర్లు, మధ్య. పైన పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క పరిచి తలుపు నెమ్మదిగా మూసి తెరవండి. నలిగిన ఉండ మందం ఎంతుందో అదే గాడి అడుగుకీ తలుపు పెదవికీ మధ్య ఖాళీ. ఆ ఖాళీకి ఒకటిన్నర రెట్లు మందం ఉన్న సీల్ కావాలి. ఖాళీ 1 మిల్లీమీటరైతే 1.5 మిల్లీమీటర్ల ఫోమ్. ఊలు దారం ఇంకా తేలిగ్గా నలుగుతుంది కాబట్టి రెండు రెట్ల వరకూ ఉన్నా తలుపు మూసుకుంటుంది.

గట్టిగా ఉంటే వెలుతురు బాగా ఆగుతుందనుకుని మందం పెంచేవాళ్లు ఎక్కువ. మందం ఎక్కువైతే తలుపు బయటికి తన్నుకుంటుంది. ప్రెజర్ ప్లేటు ఫిల్మ్‌ను సరిగా అదమదు. ఫొటోలో ఒక పక్క ఫోకస్ ఉంటుంది, ఇంకో పక్క ఉండదు. గడియ మీద బరువు పడి, ఏదో ఒకరోజు భుజాన వేలాడుతుండగానే తలుపు తెరుచుకుంటుంది.

పిల్లల క్రాఫ్ట్ పనులకు స్టేషనరీ కొట్లలో అమ్మే ఈవీఏ అనే ఫోమ్ షీటు గురించి ఒక మాట. అది తేమకు కరగదు, నిజమే. కాని గట్టిది. 2 మిల్లీమీటర్లది గాడిలో వేస్తే తలుపు మూయడానికి బొటనవేలు నొప్పెట్టాలి. 1 మిల్లీమీటరుది దొరికితే తలుపు బందు వైపు వాడుకోవచ్చు, అంతే.

గాడిలో దారం వేయడం

35 ఎంఎం ఎస్సెల్లార్‌లో పైగాడి, కిందిగాడి ఒక్కోటి సుమారు 12, 13 సెంటీమీటర్లు ఉంటాయి. దారాన్ని గాడి కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ కోసుకోండి. చెప్పుల పనికి వాడే రబ్బరు జిగురును టూత్‌పిక్ కొనతో గాడి అడుగున వెంట్రుకంత సన్నగా గీయండి. గాడి గోడలకు పూయకూడదు. తలుపు పెదవి ఆ గోడల పక్క నుంచే దూరుతుంది, అక్కడ జిగురుంటే తలుపు మళ్లీ అంటుకుంటుంది. సూపర్ గ్లూ వాడొద్దు. అది దారాన్ని కడ్డీలా గట్టిపరుస్తుంది, దాని ఆవిరి దగ్గర్లోని అద్దాల మీద తెల్లటి పొరలా కూర్చుంటుంది.

జిగురు ఐదు నిమిషాలు ఆరి, తాకితే తీగ సాగే దశకు వచ్చాక దారాన్ని ఒక చివర నుంచి వేస్తూ, వెదురు పుల్ల మొండి వైపుతో నొక్కుతూ పోండి. సాగదీయొద్దు. సాగదీసి వేసిన దారం రెండు రోజుల్లో వెనక్కి ముడుచుకుంటుంది, మూలలు బోసిపోతాయి. లీక్ ఎక్కువగా వచ్చేది మూలల్లోనే. గాడి వెడల్పుగా ఉంటే పక్కపక్కన రెండు దారాలు వేయండి. ఆరాక చివర్లు పట్టకారుతో పట్టి కొత్త బ్లేడుతో కోయండి. దారం బాడీ ఎత్తుకు సమంగా, లేదా వెంట్రుకంత కిందుగా ఉండాలి.

ఒక చిన్న ముల్లు మీద కన్నేసి ఉంచండి. చాలా కెమెరాల్లో తలుపు అంచుకు దగ్గరగా బాడీలో ఒక చిన్న పిన్ను ఉంటుంది. తలుపు మూస్తే అది లోపలికి పోతుంది, తెరిస్తే బయటికొచ్చి ఫ్రేమ్ కౌంటర్‌ను సున్నాకు తిప్పుతుంది. దారమో జిగురో దాని మీద పడితే కౌంటర్ ఎన్నాళ్లయినా 36 దగ్గరే నిలబడుతుంది. దాని చుట్టూ 2 మిల్లీమీటర్లు వదిలేయండి.

బందు, గడియ వైపు

బందు వైపు గాడి ఉండదు, వెడల్పాటి పట్టీ ఉంటుంది. పాత పట్టీ గుర్తు బాడీ మీద మిగిలే ఉంటుంది, దాన్ని కొలిచి రిబ్బనును అదే వెడల్పుకు కోయండి. పల్చటి డబుల్ సైడ్ టేపు రిబ్బను వెనక ముందే అంటించి, ఆ తర్వాత రెంటినీ కలిపి కోస్తే అంచు పోగులు ఊడవు. మఖమలు పోగు పడుకునే దిశ ఫిల్మ్ నడిచే దిశలోనే ఉండాలి. వేలితో రాసి చూస్తే ఏ వైపు నునుపో తెలుస్తుంది.

అంటించేముందు టేపు జిగురు వైపు నీళ్లలో ముంచిన వేలితో తడపండి. కొద్ది నిమిషాలు పట్టు ఉండదు, పట్టకారుతో జరుపుకుని తిన్నగా పెట్టుకోవచ్చు. నీళ్లు ఆరగానే పట్టు వస్తుంది. తడపకుండా పెడితే మొదటిసారే వంకరగా అంటుకుంటుంది, లాగితే సాగుతుంది, అంతే సంగతులు.

గడియ వైపు కొన్ని మోడళ్లలో చిన్న ముక్క, కొన్నింటిలో ఏమీ ఉండదు. పాతది ఉన్న చోటే కొత్తది. తలుపులో ఫిల్మ్ కిటికీ ఉన్న తర్వాతి మోడళ్లలో ఆ కిటికీ చుట్టూ కూడా ఒక సన్నటి చట్రంలా ఫోమ్ ఉంటుంది, దాన్ని చూడటం మరిచిపోతుంటారు.

మిర్రర్ బంపర్

ఎస్సెల్లార్‌లకు మాత్రమే ఇది. యాషికా మ్యాట్-124జి వంటి రెండు లెన్సుల కెమెరాల్లో అద్దం కదలదు కాబట్టి అక్కడ తలుపు చుట్టూ ఉన్న సీలే మార్చాలి.

లెన్స్ తీసి చూస్తే, పైన, బొమ్మ పడే ఫోకసింగ్ స్క్రీన్ ముందు అంచున ఒక స్పాంజి పట్టీ అడ్డంగా కనిపిస్తుంది. షట్టర్ నొక్కినప్పుడు అద్దం వెళ్లి దానికే తగులుతుంది. అది దెబ్బను మింగుతుంది, వ్యూఫైండర్ లోంచి దూరే వెలుతురును కూడా ఆపుతుంది. కుళ్లితే అద్దం పైకి లేచి అక్కడే అతుక్కుంటుంది, లేదా అద్దం అంచున నల్ల గీత పడుతుంది.

ఇక్కడ ద్రవం వాడేటప్పుడు చేయి వణక్కూడదు. ఫోకసింగ్ స్క్రీన్ ప్లాస్టిక్, ఒక చుక్క పడినా మరక శాశ్వతం. అద్దానికి వెండి పూత పైనే ఉంటుంది, రుద్దితే ఊడుతుంది. స్క్రీన్‌కూ అద్దానికీ మధ్య మడతపెట్టిన మెత్తటి టిష్యూ దూర్చండి. లెన్స్ నోరు నేల వైపు వంచి పట్టుకుని, పొడి పుల్లతోనే సాధ్యమైనంత తీయండి. చివరి జిగురు పొరకు మాత్రం దాదాపు పొడిగా పిండిన చెవి పుల్ల. స్క్రీన్ మీద పొడి పడితే రబ్బరు బల్బుతో ఊదండి. నోటితో ఊదితే ఉమ్మి పడుతుంది.

కొత్తదానికి మెత్తటి, నొక్కితే వెంటనే పైకి లేచే ఫోమే కావాలి. పాతది గట్టిగా ఉన్న చోట మందం కొలుచుకోండి. చాలా కెమెరాల్లో 2 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. దీనికి ఊలు, ఈవీఏ రెండూ పనికిరావు: ఊలు పోగులు స్క్రీన్ మీద రాలతాయి, ఈవీఏ దెబ్బ మింగదు. మందం ఎక్కువైతే అద్దం పూర్తిగా లేవదు. అప్పుడు ఫిల్మ్ పై అంచున నీడ పడుతుంది, కెమెరాలో బొమ్మ తలకిందులుగా ఉంటుంది కాబట్టి ఫొటోలో కింది అంచు చీకటిగా వస్తుంది. అంటించాక లెన్స్ లేకుండా, షట్టర్ వేగం డయల్‌ను బి (నొక్కినంతసేపూ షట్టర్ తెరిచే ఉండే గుర్తు) మీద పెట్టి షట్టర్ నొక్కి పట్టుకుని చూడండి. అద్దం ఫోమ్‌ను కొంచెం అదుముకుని నిలబడాలి, వంగి వేలాడకూడదు.

పరీక్ష

చీకటి గదిలో టార్చి వేసి చూసి సరే అనుకోవద్దు. ప్రెజర్ ప్లేటు అడ్డముంటుంది కాబట్టి సన్నటి లీక్ కంటికి కనిపించదు. గడువు తీరిన 400 ఐఎస్ఓ బ్లాక్ అండ్ వైట్ రోల్ ఏదైనా దొరికితే అది వేయండి. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారు చేసిన ఇందు రోల్ పాత స్టూడియోల్లో ఎక్కడో మూల ఉండొచ్చు, కాని ఇన్నేళ్లకు దానికదే పొగ పట్టి ఉంటుంది, ఈ పరీక్షకు పనికిరాదు.

లెన్స్ క్యాప్ పెట్టే ఉంచి ఒక ఫ్రేమ్ నొక్కండి. కెమెరాను ఎండలో తలుపు వైపు పైకి పెట్టి ఐదు నిమిషాలు వదలండి. ఫిల్మ్ రెండు ఫ్రేములు జరపండి. ఇప్పుడు బందు వైపు ఎండకు, తర్వాత అడుగు వైపు, తర్వాత పై వైపు. ఏ ఫ్రేము ఏ వైపు అన్నది కాగితం మీద రాసుకోండి. డెవలప్ చేశాక ఫిల్మ్ అంతా ఖాళీగా, అంచు అక్షరాలు తప్ప ఏమీ లేకుండా రావాలి. ఎక్కడైనా నల్లబడితే మీరు రాసుకున్న కాగితమే ఏ వైపు తిరిగి చూడాలో చెబుతుంది. దాదాపు ఎప్పుడూ అది మూలలోనే, దారం చివర ముడుచుకున్న చోటే ఉంటుంది. అర సెంటీమీటరు దారం అక్కడ అదనంగా దూర్చితే సరిపోతుంది, మొత్తం పీకాల్సిన పని లేదు.

ఎఫ్ఎక్స్-3 ఉన్నవాళ్లకు ఇంకో మాట: దాని బాడీ మీది నల్ల కృత్రిమ తోలు కూడా పెచ్చులుగా రాలుతుంది. చూడ్డానికి ఇబ్బందే కాని వెలుతురుకు దానికీ సంబంధం లేదు, తొందరేం లేదు.

పని అయ్యాక కెమెరాను తోలు కేసులో బిగించి బీరువాలో పెట్టొద్దు. ఆ కేసు తేమను పట్టి ఉంచుతుంది, లెన్స్‌లో బూజు పడుతుంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి జెల్ మార్చండి, అదే రోజు తలుపు తెరిచి మూయండి.